మీటరు వెనక్కి తిరిగిన ఇంటి నుంచి యూరప్ ఇంధన కమిషనర్‌కు బహిరంగ లేఖ

యూరోపియన్ యూనియన్ ఇంధన కమిషనర్ డాన్ యోర్గెన్‌సన్ గారికి,

నమస్కారం. మాది కర్నూలు. 2016లో ఉద్యోగం మీద జర్మనీ వచ్చి లైప్‌జిగ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఈ లేఖను జర్మన్‌లో మీ ఆఫీసుకు పంపిస్తున్నాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. యూరప్‌లో ఉంటున్న మా తెలుగువాళ్లలో చాలామంది నాలాగే అద్దెకుంటారు. నెలనెలా కరెంటు బిల్లు కడతారు కానీ, కరెంటు విధానాల గురించి మాట్లాడటానికి మనమెవరంలే అనుకుంటారు. కట్టే డబ్బులో మన వాటా ఉన్నప్పుడు అడిగే హక్కు కూడా ఉంటుందని వాళ్లకి చెప్పాలని ఉంది.

అయ్యా, నేను అడగదలచుకున్నది ఒక్కటే. పునరుత్పాదక విద్యుత్తులో మామూలు మనిషికి ఇన్నేళ్లుగా ఉన్న చోటు పోనివ్వకండి. ఇల్లున్నవాళ్లకి ఇంటి కప్పు మీద, ఇల్లు లేనివాళ్లకి బాల్కనీలో, ఊరివాళ్లకి ఊరి చివర గాలిమరలో. ఆ చోటు ఇప్పుడు అన్ని వైపుల నుంచీ కుంచించుకుపోతోంది.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను.

మా బిల్డింగ్‌లో మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఉంటాయి. చెక్క బోర్డు మీద వరసగా నల్ల డబ్బాలు, ప్రతి డబ్బాలో ఒక అల్యూమినియం చక్రం, చక్రం అంచున ఒక ఎర్ర గుర్తు. 2025 మార్చిలో బాల్కనీ కమ్మీలకు రెండు సోలార్ ప్యానెళ్లు బిగించుకున్నాను. ఇన్వర్టర్ నుంచి వచ్చే వైరును గోడకున్న ప్లగ్గులో పెడితే సరిపోతుంది. మేలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న కర్నూలు జిల్లాలో ముప్పై ఏళ్లు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ప్యానెళ్ల వైపు ఒక చూపు చూసి, "మీటరెక్కడుందమ్మా?" అని అడిగారు. కిందికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం పన్నెండున్నర అయివుంటుంది. ఇంట్లో ఫ్రిజ్, వైఫై తప్ప ఇంకేమీ నడవట్లేదు. మా డబ్బాలో చక్రం కుడి నుంచి ఎడమకి తిరుగుతోంది. ఎర్ర గుర్తు ఒకసారి కనిపించి మళ్లీ రావడానికి నిమిషంన్నర పట్టింది. నాన్న ఫోన్ టార్చి వేసి మూడు చుట్లు లెక్కపెట్టారు. పక్కనున్న మీటర్లన్నీ ముందుకే పోతున్నాయి.

"వెనక్కి తిరుగుతాంది. మన దగ్గరైతే మేమే కేసు రాసేవాళ్లం. ఇక్కడ ఇది చట్టమా?" అన్నారు.

చట్టమే. 800 వాట్ల దాకా బాల్కనీ ప్లాంటు పెట్టుకోవడాన్ని 2024 మేలో జర్మనీ బాగా సులువు చేసింది. పాత మీటరు మార్చేదాకా చక్రం వెనక్కి తిరిగినా తప్పు లేదంది. ఇలాంటి ప్యానెళ్ల మీద అమ్మకం పన్ను 2023 జనవరి నుంచే సున్నా. అన్నిటికన్నా నాకు పనికొచ్చింది మాత్రం 2024 అక్టోబరులో వచ్చిన మార్పు. అద్దెకున్నవాళ్లు బాల్కనీ ప్లాంటు అడిగితే ఓనరు సరైన కారణం లేకుండా కాదనకూడదని అప్పుడు చట్టంలో రాశారు. అంతకుముందు నేను మా ఇంటి మేనేజ్‌మెంట్‌ను రెండుసార్లు అడిగాను. బిల్డింగ్ అందం చెడిపోతుందని రెండుసార్లూ ఒక్క లైను జవాబు వచ్చింది. మూడోసారి అదే దరఖాస్తు, అక్షరం మార్చకుండా, అదే ఫొటోతో పంపాను. ఒప్పుకున్నారు. 2025 మధ్య నాటికి జర్మనీలో రిజిస్టర్ చేయించిన బాల్కనీ ప్లాంట్లు పది లక్షలు దాటాయి. చట్టంలో ఒక వాక్యం మారితే ఎన్ని ఇళ్ల తలుపులు తెరుచుకుంటాయో అప్పుడు అర్థమైంది నాకు.

మంచి ఎండ కాస్తే నా ప్యానెళ్ల నుంచి రోజుకు మూడు, నాలుగు యూనిట్లు వస్తాయి. వేణ్ణీళ్లకు చన్నీళ్లు. దాంతో జర్మనీ మారిపోతుందని నేను అనను. కానీ ఈ కథ మొదలైంది ఇలాంటి చిన్నవాళ్లతోనే అన్న సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. పవన, సౌర విద్యుత్తును సగటు రిటైల్ ధరలో 90 శాతానికి కొని తీరాలని జర్మనీ 1990లో చట్టం చేసింది. గాలికి ఆ ధర సరిపోయింది, సోలార్‌కి ఏ మూలకీ చాలలేదు. 1990ల్లో హామెల్‌బుర్గ్, ఆహెన్ లాంటి ఊళ్లు, పెట్టిన ఖర్చు తిరిగొచ్చే ధర ఇస్తామని తమంతట తామే ముందుకొచ్చాయి. హామెల్‌బుర్గ్ కౌన్సిల్‌లో ఆ పని చేయించిన హాన్స్ యోజెఫ్ ఫెల్, తర్వాత పార్లమెంటుకెళ్లి హెర్మన్ షేర్ లాంటి వాళ్లతో కలిసి దాన్ని దేశమంతటికీ చట్టంగా తెచ్చారు. అది 2000 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. గ్రిడ్ కంపెనీ ఈ కరెంటును ముందుగా తీసుకోవాలి, 20 ఏళ్లు ఒకే రేటు ఇవ్వాలి, కొత్తగా చేరేవాళ్లకి ఏటా రేటు కొంచెం తగ్గుతూ ఉండాలి. సోలార్‌కి మొదట్లో యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు ఇచ్చారు, అంటే దాదాపు 50 సెంట్లు. బ్యాంకు మేనేజరుకు ఆ కాగితం చూపిస్తే రైతుకైనా, టీచరుకైనా అప్పు పుట్టేది. లాయరు అక్కర్లేదు, వేలంలో పాడాల్సిన పనీ లేదు.

ఆ డబ్బు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రతి ఇంటి కరెంటు బిల్లులో ఒక లైనుగా వచ్చింది. నేను వచ్చిన మరుసటి ఏడాది, 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లు. ఎప్పుడూ అంతకు మించలేదు. ఏడాదికి 2,000 యూనిట్లు వాడే నాలాంటి మనిషికి దాదాపు 138 యూరోలు, దాని మీద మళ్లీ పన్ను. కరెంటు ఎక్కువగా తినే పెద్ద ఫ్యాక్టరీలకు అందులో భారీ మినహాయింపు ఉండేది. 2022 జూలైలో బిల్లులోంచి ఆ లైను తీసేసి ప్రభుత్వ బడ్జెట్లోకి మార్చేదాకా ఆ భారం ఎక్కువగా మోసింది ఇళ్లవాళ్లు, చిన్న దుకాణాలవాళ్లు. దాని మీద నాకు కోపం లేదు. ఆ డబ్బు ఎక్కడ పనిచేసిందో మా ఊరి దగ్గరే కళ్లారా చూశాను.

పాణ్యం దగ్గర కర్నూలు సోలార్ పార్కు ఉంది. దాదాపు 5,900 ఎకరాలు, 1,000 మెగావాట్లు. సెలవులకి వెళ్లినప్పుడు నంద్యాల బస్సు ఎక్కితే నల్లరాళ్ల గుట్టల మధ్య నీళ్లు నిలిచినట్టు మెరుస్తుంటుంది. 2015 చివర్లో ఆ పార్కులో 500 మెగావాట్లకు వేలం పెడితే యూనిట్ 4 రూపాయల 63 పైసలు పలికింది. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లాలో 250 మెగావాట్ల వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది. ప్యానెళ్లు అంత చవకవడానికి చైనా ఫ్యాక్టరీలు కారణం. ఆ ఫ్యాక్టరీలు అంత పెద్దవి కావడానికి మొదటి పెద్ద గిరాకీ వచ్చింది యూరప్ ఇంటికప్పుల నుంచి, అందులోనూ జర్మనీ నుంచి. ఇక్కడి బిల్లులో కట్టిన సెంట్లు అక్కడ మా రాయలసీమ ఎండకు విలువ తెచ్చాయి. ఆ డబ్బు కట్టినవాళ్లలో చివరికి నేనూ చేరాను. అందుకే ఈ విధానం నాకు పరాయిది అనిపించదు.

ఇక స్పెయిన్ సంగతి. ఇది మీరు మర్చిపోకూడదు.

2007లో స్పెయిన్ ప్రభుత్వం సోలార్‌కి చాలా మంచి రేటు ప్రకటించింది. సూర్యుడు మీ సొంతం కావచ్చు అని ప్రచారం కూడా చేసింది. జనం నమ్మారు. ఒక్క 2008లోనే 2,500 మెగావాట్లకు పైగా సోలార్ వచ్చిపడింది. పొలం తాకట్టు పెట్టినవాళ్లు, రిటైర్మెంట్ డబ్బు పెట్టినవాళ్లు వేల కుటుంబాలు. ఇంతలో ఆర్థిక సంక్షోభం వచ్చింది. 2010లో రేటు వర్తించే గంటలకు కోత పెట్టారు. 2012లో కొత్త ప్లాంట్లకు మద్దతు ఆపేశారు. 2013లో పాత లెక్కే కొట్టేసి, ప్రభుత్వం సముచితం అనుకున్న లాభమే ఇస్తామన్నారు. అప్పటికే కట్టేసిన ప్లాంట్లకు కూడా. విదేశీ ఫండ్‌లు ఎనర్జీ చార్టర్ ఒప్పందం పట్టుకుని అంతర్జాతీయ ట్రిబ్యునల్స్‌కు వెళ్లాయి, చాలా కేసులు గెలిచాయి. సొంత దేశపు పెన్షనరుకు ఆ దారి లేదు. ఎందుకంటే ఆ ఒప్పందం విదేశీ పెట్టుబడిదారులకే. ప్రభుత్వ మాటను అందరికన్నా ఎక్కువగా నమ్మినవాళ్లే అందరికన్నా ఎక్కువ నష్టపోయారు.

అక్కడితో ఆగలేదు. తన ఇంటి మీద తానే తయారు చేసుకుని వాడుకునే కరెంటుకు కూడా 2015లో చార్జీ పెట్టారు. జనం దాన్ని సూర్యుడి మీద పన్ను అన్నారు. 2018 అక్టోబరులో దాన్ని ఎత్తేశాకే స్పెయిన్ ఇళ్ల మీద సోలార్ మళ్లీ ఊపందుకుంది.

మా రాష్ట్రంలో కూడా ఇలాంటిది చూశాం. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అంతకుముందు కుదిరిన పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. ధరలు నిజంగానే ఎక్కువ, డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి, ఆ బాధ అబద్ధం కాదు. విషయం కోర్టుకెళ్లింది. ఒప్పందంలో రాసుకున్న రేటే కట్టాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. ఆ మధ్యలో పోయిన కాలాన్ని ఎవరు తెచ్చిస్తారు? నాన్న లైన్‌మన్ కాబట్టి ఆయన మాట ఒకటి చెప్తాను: "తీగ తెగితే పొద్దుగూకేలోగా కట్టొచ్చు. నమ్మకం తెగితే ఏ స్తంభం ఎక్కి కడతావు?"

2018 నాటి మీ యూరోపియన్ చట్టంలో, ఒకసారి ఇచ్చిన మద్దతును తర్వాత నష్టం కలిగేలా మార్చకూడదని రాశారు. మంచి పని. దాన్ని గట్టిగా పట్టుకోండి. ఏ దేశం ఖజానా బిగుసుకున్నా మొదట చూసేది దీని వైపే.

ఇప్పుడు మీ సొంత దేశం డెన్మార్క్‌కి వస్తాను. కోపెన్‌హాగెన్ వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డున నిలబడి మిడెల్‌గ్రుండెన్ గాలిమరలు చూశాను. వంపు తిరిగిన వరసలో ఇరవై, ఒక్కొక్కటి 2 మెగావాట్లు. 2000లో కట్టారు. సగం నగర విద్యుత్ సంస్థది, సగం సహకార సంఘానిది. ఆ సగాన్ని 40,500 వాటాలు చేస్తే ఎనిమిది వేల మందికి పైగా జనం కొనుక్కున్నారు. మా వైపు పాల సంఘంలో వాటా ఉన్నట్టు, వాళ్లకి సముద్రంలో గాలిమరలో వాటా. ఊరి ముంగిట్లోనే ఉన్నా అది కళ్లకి అడ్డమని గొడవ పెద్దగా లేకపోవడానికి ఆ వాటాలే కారణమని నా నమ్మకం. తనది అనుకున్నదాని చప్పుడు మనిషికి అంతగా వినిపించదు.

ఆ దారి తర్వాత ఇరుకైపోయింది. ప్రభుత్వ సాయం మీద 2014లో యూరోపియన్ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 2017 నుంచి పెద్ద ప్లాంట్లన్నిటికీ వేలం తప్పనిసరైంది. ఉద్దేశం మంచిదే, ధరలు తగ్గాయి, కాదనను. కానీ వేలంలో పాడాలంటే ముందు లక్షల యూరోలు పెట్టి స్థలం, అనుమతులు, డిజైన్ సిద్ధం చేసుకోవాలి. ఓడిపోతే ఆ డబ్బు గంగపాలు. పెద్ద కంపెనీ పది చోట్ల పాడి మూడు గెలిస్తే చాలు. ఊరి సంఘానికి ఉండేది ఒక్క గాలిమరే. 2017లో జర్మనీ ఈ సంఘాలకు వేలంలో కొన్ని సడలింపులిచ్చింది. పెద్ద డెవలపర్లే సంఘాల ముసుగు వేసుకుని వచ్చి, ఆ ఏడాది గెలిచిన పవన విద్యుత్‌లో తొంభై శాతానికి పైగా పట్టుకుపోయారు. వాటిలో చాలావాటికి అప్పటికి అనుమతులే లేవు. 2017లో 5,300 మెగావాట్ల కొత్త గాలిమరలు పెట్టిన జర్మనీ, 2019లో పెట్టింది 1,100 మెగావాట్ల లోపే. అనుమతుల జాప్యం, కోర్టు కేసులు కూడా దానికి కారణాలే. వేలం మటుకే అని నేను అనను. చివరికి 18 మెగావాట్ల దాకా ఊరి సంఘాలకు వేలం అక్కర్లేదని జర్మనీ నిబంధన మార్చింది. మొదటే ఆ పని చేసుంటే నాలుగైదేళ్లు మిగిలేవి.

పెద్దవాళ్లకైనా వేలం ఒక్కటే సరిపోయిందా? 2024 డిసెంబరులో డెన్మార్క్ 3,000 మెగావాట్ల సముద్ర పవన విద్యుత్తుకు వేలం పెడితే ఒక్కరూ రాలేదు. 2025 ఆగస్టులో జర్మనీ సముద్ర వేలంలో కూడా అంతే. తన వేలానికి ఎవరూ రాకపోయాక మీ డెన్మార్క్ ఏం చేసింది? ప్రభుత్వ మద్దతుతో కొత్త వేలం పెడతామంది. ధర పడిపోతే ప్రభుత్వం ఇస్తుంది, పెరిగితే కంపెనీ తిరిగి కడుతుంది. 2024లో యూరప్ విద్యుత్ మార్కెట్ సంస్కరణ చెప్పిన పద్ధతి కూడా ఇదే. నాకది న్యాయంగానే అనిపిస్తుంది. కానీ సరిగ్గా అదే 2025 ఆగస్టులో జర్మనీ ఇంధన మంత్రి కాథెరీనా రైషె గారు, కొత్తగా పెట్టే చిన్న సోలార్ ప్లాంట్లు మార్కెట్‌లోనే గిట్టుబాటవుతున్నాయి, వాటికి మద్దతు అక్కర్లేదన్నారు. వేల కోట్ల కంపెనీకి ధర భరోసా లేకపోతే పెట్టుబడి పెట్టలేనంటే సరే అంటున్నాం. మూడు గదుల ఇంటి మీద పది ప్యానెళ్లు పెట్టుకునే నర్సుకు మాత్రం ధైర్యంగా మార్కెట్‌లోకి దిగమంటున్నాం. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే కదా అయ్యా.

అవతలి వాదన కూడా నాకు తెలుసు. మధ్యాహ్నం ఎండకి కరెంటు ఎక్కువైపోతోంది. 2024లో జర్మనీలో 457 గంటల పాటు హోల్‌సేల్ ధర సున్నా కన్నా కిందికి పోయింది. అంటే కరెంటు తీసుకున్నవాళ్లకే ఎదురు డబ్బివ్వాల్సిన పరిస్థితి. అలాంటి గంటల్లో కొత్త ప్లాంట్లకు రేటు ఇవ్వబోమని 2025 ఫిబ్రవరిలో చట్టం చేశారు. దానికి నాకు అభ్యంతరం లేదు. నాన్న కూడా ఆ మాటే అన్నారు, ఫీడరు మీద లోడు లేనప్పుడు కరెంటు తోస్తే వోల్టేజీ పెరుగుతుందని. అవసరం లేనప్పుడు డబ్బివ్వద్దు, సరే. అవసరం ఉన్నప్పుడు ఇవ్వగలిగేలా ఇంటివాళ్లకి వీలు చేశారా మరి?

ఇక్కడే మళ్లీ మా సెల్లార్‌కి రావాలి. 2025 ఆగస్టులో మనిషి వచ్చి ఆ చక్రం మీటరు తీసేసి డిజిటల్ మీటరు పెట్టి వెళ్లాడు. స్క్రీన్ మీద అంకెలు మారుతుంటాయి. చూడటానికి కొత్తగా ఉంది కానీ, అది ఎవరితోనూ మాట్లాడదు. ఏ గంటలో ఎంత వాడానో, ఎంత గ్రిడ్‌కి పంపానో బయటికి చెప్పలేదు. అందుకని గంటగంటకూ ధర మారే ప్లాన్ నాకు కుదరదు. 2025 జనవరి నుంచి ప్రతి కరెంటు కంపెనీ అలాంటి ప్లాన్ ఇవ్వాలని చట్టం చెప్తోంది. ప్లాన్ ఉంది, దానికి తగిన మీటరు లేదు. మీటరు కోసం రాస్తే మీ వాడకం తక్కువ కాబట్టి మీ వంతు ఇప్పట్లో రాదన్నారు. ఇటలీ 2001లోనే ఇంటింటికీ స్మార్ట్ మీటర్లు పెట్టడం మొదలెట్టింది. స్వీడన్ 2009 నాటికి పూర్తి చేసింది. 2020 నాటికి 80 శాతం ఇళ్లకి ఉండాలని యూరప్ అనుకుంటే, ఖర్చు గిట్టదని జర్మనీ లెక్కలు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం కరెంటు వృథా పోతోందని ఇంటివాళ్లని తప్పుపట్టే ముందు ఈ సంగతి చూడాలి. ఉత్తరాది గాలి కరెంటును దక్షిణాదికి తేవాల్సిన 700 కిలోమీటర్ల సూడ్‌లింక్ లైను కూడా అంతే. 2022కి అవుతుందన్నది 2028కి పోయింది. ఆ ఆలస్యం చేసింది బాల్కనీలవాళ్లు కాదు.

నేనడిగే పనులు మీ చేతిలో ఉన్నవే. ఇంటి మీద పెట్టుకునే చిన్న ప్లాంట్లకు ఏదో ఒక కనీస ధర భరోసా ఉండాలని అన్ని దేశాలకూ కలిపి ఒక నియమం పెట్టండి. జర్మనీలో ఇప్పుడిస్తున్న సుమారు 8 సెంట్లు చాలు, 50 సెంట్ల రోజులు తిరిగి రావాలని ఎవరూ అడగట్లేదు. ధర సున్నా కన్నా కిందున్న గంటల్లో అది కూడా వద్దు. మీటరు అడిగినవాళ్లకి గడువులోగా పెట్టి తీరేలా చూడండి. పెట్టకపోతే జరిమానా గ్రిడ్ కంపెనీకి పడాలి.

ఇంకొకటి నాలాంటివాళ్ల కోసం అడుగుతున్నాను. ఇరుగుపొరుగు కలిసి కరెంటు పంచుకునే హక్కు 2024 సంస్కరణలో ఇచ్చారు. ఆస్ట్రియా 2021 నుంచే అలాంటి సంఘాలకు చట్టం పెట్టుకుని నడుపుతోంది. మా బిల్డింగ్‌లో పన్నెండు కుటుంబాలున్నాయి. దక్షిణం వైపు వాలుగా కప్పుంది, దాని మీద కాకులు తప్ప ఎవరూ లేరు. నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ, బాల్కనీ లేని ఇంట్లో ఉంటారు. నా ప్యానెళ్లు చూసినప్పుడల్లా "నాకెప్పుడమ్మా?" అన్నట్టు నవ్వుతారు. ఆ కప్పు మీద పుట్టే కరెంటులో ఆవిడకి ఒక వాటా, నాకొకటి, కింద బేకరీకి ఒకటి ఉండటానికి అడ్డు ఏముంది? కాగితాలు, మీటర్లు, ఎవరు ఎవరికి బిల్లు రాయాలన్న చిక్కు. టెక్నాలజీకి వంక పెట్టడానికేమీ లేదు. ఆ చిక్కు విప్పి, నమూనా ఒప్పందం ఒకటి రెండు పేజీల్లో అన్ని భాషల్లో తయారుచేసి ఇవ్వండి. హక్కు ఉందని చట్టంలో ఉంటే చాలదు, మేనేజ్‌మెంట్‌కు పంపడానికి మా చేతిలో కాగితం ఉండాలి.

2004లో యూరప్ వాడిన కరెంటులో పునరుత్పాదక విద్యుత్తు దాదాపు 16 శాతం. 2023కి 45 శాతం దాటింది. కరెంటే కాకుండా మొత్తం ఇంధనం లెక్కేస్తే 2023లో 24.5 శాతం. 2030 నాటికి 42.5 శాతం కావాలన్నది మీరు పెట్టుకున్న లక్ష్యం. ఇంత దూరం పెద్ద కంపెనీల సాయంతో పాటు లక్షల ఇళ్ల సాయంతో వచ్చారు. మిగతా దూరానికి వాళ్లు మీకు ఇంకా కావాలి.

నాన్న కర్నూలు నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇప్పటికీ అడుగుతారు, కొత్త మీటరులో వెనక్కి పోయింది కనిపిస్తుందా అని. రెండు అంకెలు కనిపిస్తాయి నాన్నా, ఒకటి తీసుకున్నది, ఒకటి ఇచ్చింది అని చెప్పాను. ఈ ఉదయం చూస్తే, ఇచ్చింది 61 యూనిట్లు. వాటికి నాకు డబ్బు రాలేదు, రావాలని కూడా అడగట్లేదు. అవి మా పక్కింటి ఫ్రిజ్‌కో, కింద బేకరీ ఓవెన్‌కో వెళ్లుంటాయి. నాలుగో అంతస్తు పెద్దావిడ ఇంటికి కూడా ఒక లెక్క ప్రకారం వెళ్లే రోజు ఎప్పుడొస్తుందో, దానికి మీరు పెట్టే గడువేమిటో మీ జవాబులో రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
లైప్‌జిగ్ నుంచి ఒక అద్దెదారు